పోదు అన్న పడవ

మా ఆయన పడవల్ని కొట్టేవాడు. కట్టేవాడు కాదు, నడిపేవాడూ కాదు. కొట్టడమే ఆయన పని. ఎవరైనా చిన్న తెరచాప పడవ కొనబోయే ముందు, లేదా ఉన్న పడవతో తీరం వెంబడి రెండు మూడు రోజుల ప్రయాణం పెట్టుకునే ముందు మా ఇంటి తలుపు తట్టేవారు. సుత్తి, ఉలి, పానా, సన్నటి కత్తి వేసిన గోనెసంచి భుజాన తగిలించుకుని ఆయన వెళ్ళేవాడు. ఒడ్డుకు లాగి దిమ్మెల మీద నిలబెట్టిన పడవ చుట్టూ జానెడు జానెడు కొట్టుకుంటూ తిరిగి, ఆఖర్న ఒకే మాట చెప్పేవాడు. "పోతుంది." లేకపోతే "పోదు." అంతే, సంచి మళ్ళీ భుజానికెక్కేది.

రేవులో ఆయన్ని ముఖం మీద సుత్తిగారు అనేవారు, వెనక నుంచి సుత్తి అనేవారు. రోజుకి నాలుగు మాటలు కూడా ఖర్చు పెట్టని మనిషికి ఆ పేరేమిటని నాకు నవ్వొచ్చేది.

భోజనం క్యారేజీ పట్టుకెళ్ళినప్పుడు ఆయన పని చూసేదాన్ని. మంచి చెక్క దెబ్బకి ఎదురు పలుకుతుంది, ఠంగుమని. కుళ్ళిన చెక్క దెబ్బని మింగేస్తుంది. ఆయన కుడి చెవి పడవకి ఆనించి, ఎడం చేత్తో సుత్తి వేసేవాడు. మింగిన చోట ఉలి దించేవాడు. తర్వాత చుక్కానిని దొంగ కాలరు పట్టుకున్నట్టు పట్టుకుని కుదిపేవాడు. తెరచాప కొయ్యని నిలబెట్టే తీగల్ని రెండు చేతులా పట్టుకుని ఒళ్ళంతా వేలాడదీసేవాడు. మూతలని కాలితో తన్నేవాడు. బకెట్లతో నీళ్ళు పడవ లోపల పోయించి, కిందకి వచ్చి ఎక్కడ చుక్క కారుతుందా అని కూర్చునేవాడు. కొత్త రంగు పెచ్చులూడుతుంటే సొంతదారు గుండె బాదుకునేవాడు. మా ఆయన తల తిప్పకుండానే, "సముద్రం నాకన్నా మెల్లగా కొడుతుందా" అనేవాడు. ఆయనకి అది పెద్ద ఉపన్యాసం.

ఇంట్లో కూడా ఆ చెయ్యి ఊరికే ఉండేది కాదు. గడియ పడకపోతే తలుపుని తన్నేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే గిన్నె గోడకి తగిలేది. పెళ్ళైన రెండో ఏడు ఒకసారి నన్ను కొట్టాడు. నేను ఏడవలేదు. చేతిలో ఉన్న కత్తిపీట కింద పెట్టకుండానే, "ఇంకోసారి లేచిందంటే ఆ చెయ్యి మళ్ళీ సుత్తి పట్టదు" అన్నాను. చాలాసేపు కత్తిపీట వైపే చూసి, చొక్కా వేసుకుని బయటికి పోయాడు. అదే మొదలు, అదే ఆఖరు.

ఆ ఒకే మాట అలవాటు ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు. మొదట్లో అందరికీ విడమరిచి చెప్పేవాడు. నేను కాపురానికి వచ్చిన మూడో ఏడు ఒక వలల వ్యాపారి పడవ చూడమని పిలిచాడు. మా ఆయన వెనక నుంచి మొదలుపెట్టి, చుక్కాని మేకు అరిగిపోయిందని పట్టుకున్నాడు. ఇంతలో వాన అందుకుంది. ముందు ఆ మేకు మార్పించు, మిగతాది రేపు చూస్తానని చెప్పి ఇంటికొచ్చాడు. వ్యాపారి ఆ రాత్రే మేకు మార్పించుకున్నాడు. రోగం తెలిసింది, మందు పడింది, ఇంకేముంది అనుకున్నాడు కాబోలు, తెల్లారి మా ఆయన వెళ్ళేసరికే బయల్దేరిపోయాడు. పడవలో ముగ్గురు. కొండ మలుపు దగ్గర గాలి అందుకోగానే తెరచాప కొయ్య మొదలుకంటా విరిగి, పోతూ పోతూ పడవ పైకప్పుని చీల్చింది. ముగ్గురిలో ఒక్కరూ ఒడ్డు చేరలేదు. మేకు మాత్రం చెక్కుచెదరలేదు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన చుక్కానికి అది అలాగే ఉంది.

నాలుగో రోజు వ్యాపారి అన్నదమ్ములు వచ్చారు, ఆరుగురు. తలుపు గడియ తియ్యమని కూడా అడగలేదు. తలుపే లోపలికి పడింది. మా ఆయన్ని జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చారు. విరిగిన తెడ్డు ముక్కలు తెచ్చుకున్నారు వాళ్ళు. మేకు మార్చమన్నావు, మార్చాడు కదరా, మార్చాడు కదరా అని ప్రతి దెబ్బకీ అదే మాట. కనబడ్డదాన్నల్లా కొట్టే మనిషి ఆ రోజు చెయ్యి ఎత్తలేదు. కనీసం తలకి అడ్డం కూడా పెట్టుకోలేదు. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. రెండు పళ్ళు పోయాయి. వాటిని మర్నాడు పొద్దున్న ఊడుస్తుంటే నేనే చూశాను.

అప్పటి నుంచి ఒకే మాట. కారణం అడిగితే చెప్పేవాడు కాదు. నాకు మాత్రం ఒకసారి అన్నాడు: "కారణం చెప్పామనుకో, దానికొక్కదానికే మందు వేసి మిగతా రోగాలతో బయల్దేరతారు." అది నాకు సబబుగానే అనిపించింది. ఆ మాటే మా తమ్ముడి దాకా వస్తుందని నేనేం కలగన్నానా.

నాకున్నది ఒక్కడే తమ్ముడు. మా అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు, నాకు పదమూడు. వాడిని చంకనేసుకునే వంట చేసేదాన్ని. వాడిదీ మా ఆయన బాపతు కోపమే. ఇద్దరినీ ఒక గదిలో వదిలిపెట్టి నీళ్ళకి వెళ్ళాలంటే భయం. ఒకసారి చేతుల బలం చూసుకుంటామని కూర్చుని బల్ల కాలు విరగ్గొట్టారు. బావా, నీ సుత్తికి భయపడేవి చెక్కలే, నేను కాదు అనేవాడు తమ్ముడు. చెక్క నీకన్నా నయంరా, కొడితే నిజం చెబుతుంది అనేవాడు మా ఆయన. నవ్వుతున్నట్టే ఉండేవారు కానీ, ఇద్దరి పళ్ళూ బిగుసుకునే ఉండేవి.

తమ్ముడు పదిహేనేళ్ళు పరాయి పడవల మీద తాళ్ళు లాగాడు. ఎవడెవడి బూతులో పడ్డాడు. నా పడవ, నా చుక్కాని అనేదొక్కటే వాడి పాట. ఆఖరికి ఒకటి దొరికింది. ఇరవై ఆరు అడుగుల నీలం రంగు పడవ. అమ్మేవాడు రేవు చివర పడవల షెడ్డు నడిపే మనిషి, అందరూ తేనె అనేవారు. నోట్లో నుంచి వచ్చే మాట అలా జారుతుంది. తమ్ముడు ఇల్లు ఖాళీ చేసేశాడు. పెళ్ళాన్నీ తొమ్మిదేళ్ళ కూతుర్నీ ఎక్కించుకుని, తీరం వెంబడి మూడు రోజులు ప్రయాణం చేసి, మా మరదలి పుట్టింటివాళ్ళ రేవుకి చేరి, అక్కడ ఆ పడవతోనే బతుకుదామని వాడి ఆలోచన. మరదలు మాత్రం, అన్నయ్యగారు చూసి పోతుంది అంటేనే నేను కాలు పెడతానని భీష్మించింది. లేకపోతే వాడు చచ్చినా మా ఆయన్ని పిలిచేవాడు కాదు.

ఆ రోజు నేనూ వెళ్ళాను. ఇద్దరి మధ్యా ఎవరో ఒకరు ఉండాలి కదా అని. నేనూ మరదలూ పిల్లా షెడ్డు గేటు దగ్గర నీడలో నిలబడ్డాం. పిల్ల నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు. అత్తా, పడవ తలవైపు ఉన్న మంచం నాదీ, దాని కింద అర నాదీ, అందులో నా బట్టలే పెడతాం, నాన్నవి పెట్టం అని ఒకటే చెప్పడం.

మా ఆయన పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కొట్టాడు. చెక్కంతా పలికింది. దూరం నుంచే నాకు వినబడింది. చుక్కాని నిలిచింది, తీగలు నిలిచాయి. తమ్ముడి ముఖం వెలిగిపోతోంది. తేనె వాడి భుజం మీద చెయ్యి వేసి, ఇంకేముంది, టీ తాగుదాం రా అని ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళాడు.

అప్పుడు మా ఆయన క్రేను నడిపేవాడిని పిలిచి పడవని బెత్తెడు పైకి ఎత్తమన్నాడు. ఎందుకో అప్పుడు నాకు తెలియదు. పడవ పొట్ట కింద నుంచి పట్టీలు వేసి ఎత్తారు. మా ఆయన కత్తి తీసుకుని దాని కింద బోర్లా పడుకున్నాడు. అవతలి వైపుకి పడుకోవడంతో మాకు ఆయన కాళ్ళే కనిపించాయి. అంతలో తేనె ఆఫీసులో నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఆ మనిషి పరిగెత్తడం అంతకు ముందెప్పుడూ నేను చూడలేదు. దించు దించు అని కేకలేశాడు. క్రేనువాడు దించేశాడు. మా ఆయన చెయ్యి లాక్కోవడం ఒక్క క్షణం ఆలస్యమైతే ఆ మణికట్టు అక్కడే ఉండిపోయేది.

తమ్ముడు వచ్చాడు. చేతిలో టీ గ్లాసు ఇంకా ఉంది.

"ఏమైంది బావా?"

"పోదు."

తమ్ముడు నవ్వాడు, హాస్యమనుకుని. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"ఎందుకు పోదు?"

"పోదన్నాను."

తేనె తన మామూలు గొంతు తెచ్చుకున్నాడు. పాపం సుత్తిగారిని తప్పుపట్టకు, వలలవాళ్ళు పళ్ళు రాలగొట్టిన దగ్గర నుంచి ఆయనకి కాగితం పడవని చూసినా వణుకే అన్నాడు. చుట్టూ ఉన్న పనివాళ్ళు నవ్వారు. తమ్ముడు నవ్వలేదు. మా ఆయన ముఖంలోకి చూస్తూ, "ఒక్క కారణం చెప్పు బావా. ఒక్కటి. నేను నమ్ముతాను" అన్నాడు. వాడు ఎవరినైనా బతిమాలడం నేను ఆ రోజే విన్నాను.

మా ఆయన కారణం చెప్పలేదు. "అడుగు బోల్టు ఒకటి ఊడదీసి చూపించమను" అని తేనె వైపు చూపించాడు. రంగు వేసి మూసేసిన పడవ బోల్టు ఊడదియ్యడమేమిటి, కుదరదన్నాడు తేనె. మా ఆయన పానా తీసుకుని నిచ్చెన ఎక్కబోయాడు. తేనె మనుషులిద్దరు కాళ్ళు పట్టి లాగారు. ఒకడి ముఖం మీద తన్నాడు ఆయన. వాడి ముక్కు చితికి, రక్తం నీలం రంగు మీద జారింది. రెండోవాడు వెనక నుంచి మెడ పట్టాడు. ఆయన పానా వెనక్కి తిప్పి కొట్టాడు, అది వాడి భుజానికి తగిలి ఎముక చప్పుడు చేసింది. నేను పరిగెత్తడం మొదలుపెట్టాను.

నేను చేరేలోపే తమ్ముడు కింద పడి ఉన్న చుక్కాని పిడి అందుకున్నాడు. తేనె మనుషుల్ని ఆపడానికి తీసుకున్నాడనే అనుకున్నాను. రెండు చేతులతో ఎత్తి మా ఆయన తల మీద, కుడి పక్కన కొట్టాడు.

కర్ర దెబ్బలు నేను విన్నన్ని ఎవరూ విని ఉండరు. అలాంటి చప్పుడు మాత్రం అంతకు ముందు వినలేదు.

ఆయన పడిపోయాడు. ముక్కు చితికినవాడు వచ్చి డొక్కలో తన్నాడు, ఇంకోసారి తన్నాడు. నేను ఆయన మీద పడుకున్నాను. మూడో తన్ను నా వీపుకి తగిలింది, ఎవరిదో తెలియదు. పైన తమ్ముడు అరుస్తున్నాడు. నేను జీవితాంతం ఇంకొకడి తాడు లాగాలి, నీ సంచి మొయ్యాలి, అంతే కదా నీకు కావలసింది అని. ఆ మాటలు ఎన్నేళ్ళ నుంచి లోపల దాచుకున్నాడో.

తోపుడు బండి మీద ఇంటికి తెచ్చాం. రెండు పక్కటెముకలు విరిగాయి. కుడి చెవి లోపల పొర చిరిగిపోయింది, ఇక వినపడదు అన్నాడు డాక్టరు. పడవకి ఆనించే చెవి అది.

మర్నాడు పొద్దున్న ఆయన నాకు చెప్పాడు. తన గొంతు తనకి సరిగ్గా వినబడక గట్టిగా అరుస్తున్నట్టు చెప్పాడు. తెరచాప పడవకి అడుగున ఇనుప బరువు ఒకటి ఉంటుంది. గాలి పక్కకి తోసినా పడవ బోర్లా పడకుండా అదే పట్టి ఉంచుతుంది. లోపలి నుంచి పొడవాటి బోల్టులు వేసి దాన్ని బిగిస్తారు. బోల్టుల్ని తుప్పు మధ్యలోనే తినేస్తుంది, బయటికి కనిపించదు. పడవ దిమ్మెల మీద ఉన్నంతసేపూ ఆ బరువు మీదే కూర్చుని ఉంటుంది కాబట్టి అతుకు మూసుకుని ఉంటుంది. గాల్లోకి ఎత్తితే బరువు వేలాడుతుంది. బోల్టులు మంచివైతే అతుకు కదలదు.

"ఎత్తగానే నోరు తెరిచింది. కత్తి పిడిదాకా దిగింది. తుప్పు నీళ్ళు మోచేతి దాకా కారాయి. దించగానే మూసుకుంది. నడిసముద్రంలో అది ఊడితే బోర్లా పడడానికి నిమిషం పట్టదు."

అక్కడ వాడికి ఇదంతా చెప్పొచ్చు కదా అన్నాను. ఎడమ చెవి దగ్గర రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"చెబితే తేనె రెండు కొత్త నట్లు బిగించి బాగుచేశానంటాడు. వీడు నమ్ముతాడు" అన్నాడు. తల గోడ వైపు తిప్పుకున్నాడు. "చెప్పాల్సింది" అన్నాడు తర్వాత.

ఆ మాట ఆయన నోట రావడం నాకు వీపు మీద పడ్డ తన్ను కన్నా గట్టిగా తగిలింది.

మూడో రోజు మధ్యాహ్నం పోటుకి పడవ నీళ్ళలోకి దిగుతుందని తెలిసింది. పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాను. తమ్ముడు నన్ను చూసి చేస్తున్న పని ఆపలేదు. బావకెలా ఉందని అడగలేదు. నేను చెప్పినదంతా విన్నాడు. విని, నా చెయ్యి పట్టుకుని పడవ కిందకి వంచి అతుకు చూపించాడు. "ఇదేనా అక్కా నోరు? వెంట్రుక పెట్టు, దూరుతుందేమో చూద్దాం." నిజంగానే దూరదు. నునుపుగా, రంగు కూడా పగలకుండా ఉంది. తేనె నిన్ననే మళ్ళీ రంగు వేయించాడట.

మళ్ళీ క్రేనుతో ఎత్తించి చూడరా, నీ కళ్ళతో నువ్వే చూడు అన్నాను. క్రేనుతో పని లేదన్నాడు. పట్టీల ఒరిపిడికి రంగు పోతుందని, పట్టాల మీద నడిచే బండి మీద పెట్టి జారిస్తామన్నాడట తేనె. ఆ షెడ్డులో ప్రతి పడవనీ క్రేనుతోనే దించడం నేను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. ఆ మాటే తమ్ముడికి చెప్పాను. "నువ్వూ సుత్తివైపోతున్నావక్కా" అన్నాడు. బావ మాట విని నా కళ్ళ ముందు నిలబడకు, ఇంటికి పో అన్నాడు.

మరదలు మూటల పక్కన కూర్చుని ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి, ఒక పక్క దవడ కూడా.

"నేను ఎక్కనన్నాను వదినా. ఎక్కకపోతే ఇక్కడే ఉండు, పిల్లని తీసుకుని నేను పోతానంటున్నాడు."

పిల్ల అప్పటికే నిచ్చెన ఎక్కీ దిగీ బట్టలు తన అరలో సర్దుతోంది.

పన్నెండింటికి పనివాళ్ళూ తమ్ముడూ తేనే ఎదురుగా ఉన్న హోటలుకి భోజనానికి వెళ్ళారు. నేను పిల్లని పిలిచి కిందకి దింపి, వాళ్ళమ్మ దగ్గర కూర్చోమన్నాను. షెడ్డు గోడకి ఒక సమ్మెట ఆనించి ఉంది. బరువైనది. మొదట లేవలేదు. పిడి మధ్యలో పట్టుకుంటే లేచింది.

బోల్టులు ఎక్కడో లోపల ఉంటాయి, నా వల్ల కాదు. పొట్ట మీద, నీటి గీతకి కిందగా కొట్టాను. సమ్మెట తిరిగి నా మీదకే వచ్చింది. భుజం దాకా జివ్వుమంది. పలుకు మాత్రం ఠంగుమంది. ఆ పలుకు నాకు తెలుసు. చెక్క మంచిది. లోపల ఎక్కడా పుచ్చు లేదు. అక్కడే చెయ్యి ఆగింది. ఆయన పొరబడ్డాడేమో అనే మాట అప్పుడు వచ్చింది నాకు, ఆ ఒక్కసారే. ఒకవేళ పొరబడితే నా తమ్ముడి పదిహేనేళ్ళ చాకిరీని నేను నా చేతులతో పగలగొడుతున్నాను. పొరబడకపోతే ఇంకో మూడు రోజుల్లో ముగ్గురు ఉండరు.

మళ్ళీ కొట్టాను. నాలుగో దెబ్బకి రంగు పగిలింది. ఏడో దెబ్బకి చెక్క చీలింది. అరచేతులు బొబ్బలెక్కి చిట్లి, పిడి జారుతోంది. పదకొండో దెబ్బకి తల పట్టేంత కన్నం పడింది. పక్క చెక్క కూడా మొదలుపెట్టాను. మరదలు ఆపలేదు. పిల్ల ముఖం తన ఒళ్ళోకి తిప్పుకుని కూర్చుంది, నా వైపే చూస్తూ.

చప్పుడుకి వచ్చారు. అందరికన్నా ముందు తమ్ముడు. వాడు సమ్మెట లాక్కోలేదు. నా జుట్టు పట్టుకుని లాగి దిమ్మెల మీదకి విసిరాడు. నా కనుబొమ్మ చీలింది. లేపి చెంప మీద కొట్టాడు. రెండో చెంప మీద కొట్టాడు. ఇంకోసారి చెయ్యి ఎత్తేసరికి మరదలు వచ్చి ఆ చేతిని కొరికింది. పళ్ళు దిగేలా కొరికి వదల్లేదు. వాడు ఆమెని విదిలించుకోలేక అరుస్తూ అక్కడే కూలబడ్డాడు. మేం ముగ్గురం రక్తాలతో ఆ పడవ కింద కూర్చుని ఉన్నాం. పిల్ల ఎక్కడ దాక్కుందో తర్వాత చాలాసేపు వెతకాల్సి వచ్చింది.

తేనె ఆ రోజు అన్న మాటల్లో చుక్క తీపి లేదు. కానీ పోలీసుల్ని పిలవలేదు. పగిలిన పడవని తుక్కు ధరకి తనే వెనక్కి తీసుకుని, వారం తిరక్కుండా రంపం పెట్టి కోయించాడు. అడుగు ఇనుమూ బోల్టులూ కొలిమికి పోయాయి. మా ఆయన నడవగలిగి వెళ్ళేసరికి రంపపు పొట్టు తప్ప ఏమీ లేదు. బోల్టు ఒక్కటంటే ఒక్కటి దొరికి ఉంటే అన్నీ తెలిసిపోయేవి.

ఆ రోజు ఇంటికెళ్ళగానే, షెడ్డులో ఏం చేశానో ఆయనకి చెప్పాను. నా ముఖం చూశాడు, చేతులు చూశాడు. చెక్క ఎలా పలికిందని అడిగాడు. బాగా పలికిందన్నాను. చెక్క మంచిదే అన్నాడు. నా అరచేతులకి మందు రాసింది ఆయనే. మొరటు చేతులు, రాస్తుంటే దెబ్బ కన్నా ఎక్కువ మండింది.

తమ్ముడు మళ్ళీ పరాయి పడవల మీదకి పోయాడు. తొమ్మిదేళ్ళు మా గుమ్మం తొక్కలేదు. రేవులో ఎవరైనా కదిలిస్తే, కుళ్ళిన పడవకి పదకొండు దెబ్బలు కావాలా, మా అక్కనే అడగండి అనేవాడట. ఆ మాట నా దాకా చేరేది. మునిగిన పడవని నలుగురికి చూపించి ఇదిగో అనొచ్చు. మునగకుండా ఆపిన దాన్ని ఎవరికి చూపిస్తాం.

మా ఆయన మారిపోయాడు. ఎడమ చెవి ఆనించి, కుడి చేత్తో సుత్తి వెయ్యడం కొత్తగా నేర్చుకున్నాడు. పోదు అంటే ఎందుకు పోదో చెప్పడం మొదలుపెట్టాడు. ఒకటి కాదు, ఉన్నవన్నీ. సొంతదారుని పడవ కింద కూర్చోబెట్టి, క్రేనుతో ఎత్తించి, వాడి వేలు పట్టుకుని అతుకులో పెట్టించి, వాడు అర్థమైంది బాబోయ్ అన్నాక కూడా వదలకుండా మళ్ళీ మొదటి నుంచి చెప్పేవాడు. వినపడక గట్టిగా కూడా చెప్పేవాడు. వినలేక పారిపోయినవాళ్ళున్నారు. ఆఖరి తొమ్మిదేళ్ళూ నిజంగానే సుత్తి అయ్యాడు. ఎనిమిది నెలల క్రితం ఒక పడవ కింద కూర్చుని, ఎవరో కుర్ర సొంతదారుకి అయిదో కారణం చెబుతూ చెబుతూ పక్కకి ఒరిగిపోయాడు. వినే అతను కాసేపు గమనించలేదట. ఆలోచిస్తున్నాడనుకున్నాడట.

ఆయన పోయిన మూడో రోజు మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. గడ్డం సగం నెరిసింది. లోపలికి రాలేదు, గుమ్మంలో నిలబడ్డాడు. నేనూ లేవలేదు. అక్కడి నుంచే అడిగాడు.

"అక్కా, ఆ అతుకు తెరుచుకోవడం నువ్వు చూశావా?"

"లేదు."

"బావ చూశాడా?"

"చూశానన్నాడు."

"అన్నాడు" అన్నాడు వాడు. తల ఊపాడు. హఠాత్తుగా తిరిగి తలుపు మీద పిడికిలితో కొట్టాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. తలుపు చెక్క పగిలింది, వాడి వేలి కణుపులు పగిలాయి, చినుకుల్లా రక్తం గడప మీద పడింది. పక్కింటివాళ్ళు తొంగి చూసి వెళ్ళిపోయారు.

"ఆ పడవ చెడ్డదైతే నిజం చెప్పినందుకు బావని కొట్టాను. మంచిదైతే మీరిద్దరూ కలిసి నన్ను బతికుండగా పూడ్చారు. ఏదో ఒకటి చెప్పక్కా. ఏదైనా సరే, ఒకటి చెప్పు. తొమ్మిదేళ్ళుగా నిద్ర లేదు."

అబద్ధం చెప్పడం ఎంత తేలికో ఆ క్షణం నాకు తెలుసు. బోల్టు నా కళ్ళతో చూశానని ఒక్క మాట అంటే చాలు, వాడు నమ్మేవాడు. నమ్మి, మా ఆయన తల మీద కొట్టిన ఆ దెబ్బని చచ్చేదాకా మోసేవాడు. చూశాను, మంచిదే, మీ బావ పొరబడ్డాడు అంటే ఆయన్ని మళ్ళీ వీధిలోకి ఈడ్చినట్టే.

"నాకు తెలియదురా" అన్నాను. "అది ఎక్కి వెళ్ళి ఉంటే నీకు తెలిసేది. తెలుసుకోనివ్వలేదు నేను. నేను చేసింది అంతే."

వాడు కొట్టడానికి ఇంకేముందా అని చుట్టూ చూశాడు. ఏమీ దొరకలేదు. గడప మీద కూర్చున్నాడు.

నేను లేచి నీళ్ళూ పాత గుడ్డా తెచ్చాను. చెయ్యి ఇవ్వమంటే ఇవ్వలేదు. నేనే లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాను. కుడి చెయ్యి, చుక్కాని పిడి ఎత్తిన చెయ్యి. దాని మీద మరదలి పళ్ళ గాటు ఇంకా తెల్లగా కనిపిస్తోంది. ఎముకలేమైనా విరిగాయేమోనని వేళ్ళు ఒక్కొక్కటీ గట్టిగా నొక్కి చూశాను. నొక్కినప్పుడల్లా వాడు అరిచాడు, నన్ను తిట్టాడు, ఆయన్ని తిట్టాడు. అరవనిచ్చాను. అయిదు వేళ్ళూ చూశాకే కట్టు కట్టాను.